కంటైనర్ల సర్వర్‌గా రాస్ప్‌బెర్రీ పై 5: బోర్డు గట్టిది, మెలికలన్నీ కంటైనర్ల కింద

రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద డాకర్ (ప్రోగ్రాములను కంటైనర్లు అనే విడివిడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి పదిహేను, ఇరవై కంటైనర్లు నడిపితే తట్టుకుంటుందా? తట్టుకుంటుంది. ప్రకటనలు ఆపే నేమ్ సర్వర్, పాస్‌వర్డ్‌ల ఖజానా, ఫైళ్ల సింక్, ఇంటి పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్, వచ్చిన అభ్యర్థనను సరైన కంటైనర్‌కు పంపే రివర్స్ ప్రాక్సీ, వీటికి తోడు రెండు మూడు డేటాబేసులు అన్నీ కలిపినా ప్రాసెసర్ ఎక్కువసేపు ఖాళీగానే ఉంటుంది. ఏ పనీ లేనప్పుడు బోర్డు తినే కరెంటు సుమారు 3 వాట్లు. రోజంతా ఆన్‌లో ఉండే పెట్టెకు ఇది చాలా పెద్ద సుగుణం.

2023లో వచ్చిన ఈ బోర్డులో 2.4 గిగాహెర్ట్జ్ కార్టెక్స్ ఏ76 కోర్లు నాలుగున్నాయి. పై 4తో పోలిస్తే వేగం రెండు మూడు రెట్లు ఎక్కువ. సర్వర్‌గా వాడేవాళ్లకు అంతకన్నా విలువైన మార్పులు రెండున్నాయి. ఒకటి, ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ సూచనలు ఇప్పుడు హార్డ్‌వేర్‌లోనే ఉన్నాయి. పై 4లో ఇవి లేవు, అందుకే డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేస్తే అది నత్తనడక నడిచేది. (వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌కు దీనితో సంబంధం లేదు, అది వాడే సాంకేతికలిపి వేరు.) రెండోది, ఏ76 కోర్లు ఏఆర్ఎమ్ అనే ప్రాసెసర్ డిజైన్‌లో వి8.2 తరానివి. మాంగోడీబీ అనే డేటాబేసుకు 5.0 వెర్షన్ నుంచి ఆ తరం తప్పనిసరి. పై 4 మీద అదే ఇమేజ్ (కంటైనర్‌ను లేపడానికి వాడే సిద్ధమైన ప్యాకేజీ) ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అంటూ పడిపోయేది, ఇక్కడ మామూలుగా లేచి నిలబడుతుంది.

ఇంత బాగున్న బోర్డు మీద కూడా కంటైనర్లు మొరాయిస్తాయి. ఎర్రర్ కంటైనర్ లాగ్‌లో కనిపిస్తుంది కాబట్టి అందరూ కంటైనర్ల సెట్టింగ్‌లు రాసుకునే కంపోజ్ ఫైలునే తిరగేస్తారు. తప్పు మాత్రం ఓఎస్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌లోనో, కరెంటులోనో, డిస్కులోనో ఉంటుంది. ఒక్క కంటైనర్ కూడా పెట్టకముందే ఈ పునాది సరిచూసుకుంటే తర్వాత వచ్చే తలనొప్పులు చాలావరకు రావు.

మొదట పేజీ సైజు. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ 64 బిట్ రకం పై 5 మీద 16 కిలోబైట్ల మెమరీ పేజీలు (మెమరీని పంచే ముక్కలు) వాడే కెర్నల్‌తో బూట్ అవుతుంది. ప్రపంచంలోని ఇమేజ్‌లలో ఎక్కువ భాగం తయారయ్యేది 4 కిలోబైట్ల పేజీల యంత్రాల మీద. చాలా ప్రోగ్రాములకు తేడా తెలియదు. జెఎమ్‌అలాక్ అనే మెమరీ లైబ్రరీ వాడేవాటికి తెలుస్తుంది. ఎందుకంటే ఆ లైబ్రరీ పేజీ సైజును కంపైల్ చేసేటప్పుడే తనలో ముద్రించుకుంటుంది. పెద్ద పేజీకి కట్టినది చిన్న పేజీ మీద నడుస్తుంది గానీ, చిన్నదానికి కట్టినది పెద్దదాని మీద నడవదు. రెడిస్ అనే డేటాబేసు కంటైనర్ ఆగి లేచి, మళ్లీ ఆగుతూ, లాగ్‌లో "అన్‌సపోర్టెడ్ సిస్టమ్ పేజ్ సైజ్" అన్న ఒకే ఒక్క లైను పదే పదే పడుతుంటే కారణం ఇదే. గెట్‌కాన్ఫ్ కమాండ్‌తో పేజీ సైజు అడగండి. 16384 అని వస్తే, బూట్ ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైలులో కెర్నల్8 ఇమేజ్‌ను ఎంచుకునే లైను చేర్చి రీబూట్ చేయండి. ఈసారి 4096 రావాలి. వేగం కాస్త తగ్గుతుంది, కానీ ఇంటి సర్వర్ పనిలో అది కంటికి ఆనదు. పాత పేజీ సైజుతో తయారైన స్వాప్‌ను (మెమరీ చాలనప్పుడు వాడుకునే చోటును) కొత్త కెర్నల్ ఒప్పుకోదు, దాన్ని మళ్లీ సృష్టించుకోవాలి. ఈ మార్పు మొదటి రోజే చేయమనేది అందుకే.

రెండోది మెమరీ పరిమితి. ఈ ఓఎస్‌లో మెమరీ సీగ్రూప్ (ప్రాసెస్‌ల మెమరీని లెక్కించి హద్దు పెట్టే కెర్నల్ సదుపాయం) డిఫాల్ట్‌గా ఆపి ఉంటుంది. డాకర్ స్టాట్స్ కొడితే ప్రతి కంటైనర్ ఎదురుగా మెమరీ సున్నా అని చూపిస్తుంది. కంపోజ్‌లో 512 మెగాబైట్లు దాటొద్దని రాసినా, హద్దు పక్కన పెట్టేశాను అని చిన్న హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటుంది. చాలా కంటైనర్లను కలిపి నిర్వహించే కె3ఎస్ అయితే అసలు లేవదు. పరిమితి లేకపోతే ఏమవుతుందంటే, ఫొటోల్లో ముఖాలు గుర్తుపట్టే కంటైనర్ ఉన్న మెమరీ అంతా మింగేస్తుంది, అప్పుడు కెర్నల్ చంపే ప్రాసెస్ పక్కనున్న డేటాబేసు కావచ్చు. తప్పు ఒకరిది, దెబ్బ ఇంకొకరికి. అదే బూట్ ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లోని సిఎండిలైన్ ఫైలులో మెమరీ సీగ్రూప్‌ను ఎనేబుల్ చేసే మాట చేరిస్తే సరిపోతుంది. అయితే ఆ ఫైలంతా ఒకే లైనులో ఉండాలి. ఎంటర్ కొట్టి కింది లైనులో రాస్తే అది చెల్లదు. ఉన్న లైను చివర ఒక ఖాళీ వదిలి అక్కడే రాయండి.

32 బిట్ ఓఎస్ జోలికి అసలు పోవద్దు. చాలా యాప్‌లకు ఇమేజ్‌లు కట్టి ఇచ్చే లైనక్స్‌సర్వర్ వాళ్లు 32 బిట్ ఏఆర్ఎమ్ ఇమేజ్‌లను 2023 జులైలోనే ఆపేశారు. ఇక్కడో మోసం ఉంది: 32 బిట్ ఓఎస్ కూడా 64 బిట్ కెర్నల్‌తో బూట్ అవుతుంది కాబట్టి, యూనేమ్ కమాండ్ ఏఆర్క్64 (64 బిట్) అనే చెబుతుంది. దాన్ని నమ్మకుండా ప్యాకేజీలు చూసే డీపీకేజీని ఆర్కిటెక్చర్ అడగండి. అది ఏఆర్ఎమ్64 అంటేనే నిజం. ఏఆర్ఎమ్‌హెచ్ఎఫ్ (32 బిట్) అంటే ఓఎస్ మళ్లీ వేయడం తప్ప దారి లేదు.

ఇమేజ్‌ల సంగతికి వస్తే, పేరున్న ప్రాజెక్టులు దాదాపు అన్నీ ఇప్పుడు ఇంటెల్ తరహా, ఏఆర్ఎమ్64 రెండు ఆర్కిటెక్చర్లకూ ఇమేజ్‌లు ఇస్తున్నాయి. చిక్కు వచ్చేది ఒక్కరే నిర్వహించే చిన్న ప్రాజెక్టుల దగ్గర. దించుకునే ముందు డాకర్ బిల్డ్ఎక్స్‌లోని ఇమేజ్‌టూల్స్ ఇన్‌స్పెక్ట్‌తో చూస్తే, ఆ ట్యాగ్ కింద ఏయే ప్లాట్‌ఫారాలున్నాయో తెలిసిపోతుంది. ఏఆర్ఎమ్64 లేకుండా నడిపితే వచ్చేది ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్. క్యూఈఎమ్‌యూ ఎమ్యులేషన్‌తో (వేరే ప్రాసెసర్‌లా నటించే పద్ధతితో) నెట్టుకురావచ్చు గానీ, రోజూ నడిచే సర్వీసుకు అది తగదు, వేగం బాగా పడిపోతుంది. సోర్స్ ఉంటే బోర్డు మీదే బిల్డ్ చేయడం మేలు. ఒక మాట: మీరే కట్టిన ఇమేజ్‌లో ఇదే ఎర్రర్ వస్తే ఆర్కిటెక్చర్‌ను అనుమానించే ముందు స్టార్టప్ స్క్రిప్టు మొదటి లైను చూడండి. ఏ షెల్‌తో నడపాలో చెప్పే లైను మరిచిపోయినా సరిగ్గా ఇదే మాట వస్తుంది.

కరెంటు దగ్గర రాజీ పడకండి. పై 5 కోరేది 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు. ల్యాప్‌టాప్ చార్జర్ 65 వాట్లు ఇస్తుంది కదా అనుకోవద్దు. ఆ వాట్లన్నీ ఎక్కువ వోల్టుల దగ్గర లెక్క, 5 వోల్టుల దగ్గర అది మామూలుగా ఇచ్చేది 3 ఆంపియర్లే. అప్పుడు బోర్డు యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లకు హద్దు పెడుతుంది. 5 ఆంపియర్ల అడాప్టర్ ఉంటే అది 1.6 ఆంపియర్లు. యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ బ్యాకప్ మధ్యలో మాయమైతే ముందు అడాప్టర్ మార్చండి. విసిజెన్‌సిఎమ్‌డి కమాండ్‌తో థ్రాటిల్ స్థితి అడిగితే జవాబు సున్నా రావాలి. 50000 వస్తే, ఇప్పుడు బాగానే ఉన్నా బూట్ అయ్యాక ఎప్పుడో ఒకసారి వోల్టేజ్ పడిపోయి వేగం తగ్గిందని అర్థం. వేడి 80 డిగ్రీలు చేరితే కూడా వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాన్ ఉన్న యాక్టివ్ కూలర్ పెడితే ఆ బాధ లేదు.

ఎస్‌డీ కార్డు మీద డేటాబేసు పెట్టకండి. చిన్న చిన్న రాతలు ఆగకుండా పడే చోట కార్డు ముందు నెమ్మదిస్తుంది, తర్వాత పోతుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కనెక్టర్‌కు ఎమ్.2 హ్యాట్ (బోర్డుకు అమర్చే అదనపు కార్డు) తగిలించి ఎన్‌వీఎమ్ఈ ఎస్ఎస్‌డీ పెడితే బోర్డు తీరే మారిపోతుంది. కంపెనీ సొంత హ్యాట్‌లో 2230, 2242 సైజుల ఎస్ఎస్‌డీలు మాత్రమే పడతాయి. ఆ లింకును జెన్ 3 (పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరం) వేగానికి బలవంతంగా పెంచే లైను ఒకటుంది, కానీ బోర్డుకు ధ్రువీకరణ ఉన్నది జెన్ 2కే. పైగా నెట్‌వర్క్ పోర్టు 1 గిగాబిట్, అంటే సెకనుకు 120 మెగాబైట్ల లోపే. జెన్ 2 దానికి మూడింతలకు పైగా ఇస్తుంది. ఇక జెన్ 3 తెచ్చిపెట్టే అస్థిరత ఎందుకు?

యూఎస్‌బీ నుంచి సాటాకు మార్చే అడాప్టర్ వాడేవాళ్లు కెర్నల్ లాగ్‌లో యూఏఎస్ (యూఎస్‌బీ డిస్కులను వేగంగా నడిపే పద్ధతి) అబార్ట్ మాటలు వస్తున్నాయేమో చూసుకోవాలి. వస్తుంటే కాసేపటికి ఫైల్ సిస్టమ్ రీడ్ ఓన్లీగా మారిపోతుంది, దాని మీద ఉన్న కంటైనర్లన్నీ వరుసగా కూలతాయి. ఎల్ఎస్‌యూఎస్‌బీలో కనిపించే అడాప్టర్ ఐడీతో యూఎస్‌బీ స్టోరేజ్ క్విర్క్ (ఆ పరికరానికి ప్రత్యేక సెట్టింగ్) ఒకటి సిఎండిలైన్ ఫైలులో రాస్తే యూఏఎస్ ఆగిపోతుంది. కొంచెం నెమ్మది, కానీ నిలకడ.

బయటి డిస్కు మీద డేటా ఉంటే ఇంకో ప్రమాదం ఉంది, ఇది అందరికీ భయం పుట్టించేదే. రీబూట్‌లో డిస్కు ఆలస్యంగా లేస్తే డాకర్ ఆగదు. ఖాళీ మౌంట్ ఫోల్డర్‌లో కావలసిన ఫోల్డర్లు తనే సృష్టించి కంటైనర్లను లేపేస్తుంది. యాప్ తెరిస్తే కొత్తగా అడ్మిన్ ఖాతా తెరవమంటుంది, ఫొటోలేవీ ఉండవు. డేటా ఎక్కడికీ పోలేదు, డిస్కు మౌంట్ కాలేదంతే. కంగారులో కొత్త ఖాతా తెరవకండి. డాకర్ ఆపి, మౌంట్ చేసి, మళ్లీ లేపండి. శాశ్వతంగా తప్పించాలంటే సర్వీసులను లేపే సిస్టమ్‌డీలో డాకర్ సర్వీసుకు ఓవర్‌రైడ్ రాసి, రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అన్న లైనులో ఆ మౌంట్ దారి ఇవ్వండి. డిస్కు లేకపోతే డాకర్ లేవదు.

పనిలో పనిగా డాకర్ లాగ్‌లకు కూడా హద్దు పెట్టేయండి, డిఫాల్ట్‌గా వాటికి లేదు. ఫైలుకు 10 మెగాబైట్లు, మూడు ఫైళ్లు చాలు. ఇది కొత్తగా సృష్టించే కంటైనర్లకే వర్తిస్తుంది, పాతవాటిని తీసేసి మళ్లీ లేపాలి.

వీడియో దగ్గర మాత్రం ఈ బోర్డు చేతులెత్తేస్తుంది. ఇందులో హార్డ్‌వేర్ వీడియో ఎన్‌కోడర్ లేదు. హెచ్.264 అనే వీడియో ఫార్మాట్‌కు డీకోడర్ కూడా లేదు, ఉన్నది హెచ్ఈవీసీ డీకోడర్ ఒక్కటే. జెల్లీఫిన్ అనే సినిమాల సర్వర్‌లో ఫైలును ఉన్నది ఉన్నట్టు టీవీకి పంపినంతసేపు చక్కగా పంపుతుంది. టీవీకి ఆ ఫార్మాట్ రాక మార్చి పంపాల్సి వస్తే నాలుగు కోర్లూ ఆ ఒక్క సినిమాకే పోతాయి. నిఘా కెమెరాలైతే కదలిక గుర్తించడానికి తక్కువ రిజల్యూషన్ సబ్‌స్ట్రీమ్ ఇచ్చి, రికార్డింగ్‌కు అసలు స్ట్రీమ్‌ను మార్చకుండా రాయించాలి. వీడియో మార్పిడే మీ ప్రధాన అవసరమైతే ఈ బోర్డు కొనకండి, గ్రాఫిక్స్‌లోనే ఎన్‌కోడర్ ఉన్న చిన్న ఇంటెల్ పెట్టె తీసుకోండి.

మెమరీ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచలేరు. నేమ్ సర్వర్, హోమ్ అసిస్టెంట్, పాస్‌వర్డ్‌ల వరకైతే 4 గిగాబైట్లు చాలు. ఇమ్మిచ్ లాంటి ఫొటోల సర్వర్ పెట్టే ఆలోచన ఉంటే 8 తీసుకోండి. మొదటిసారి వేల ఫొటోలను చదివే పని ఈ బోర్డు మీద రోజులు పట్టొచ్చు. ఇమ్మిచ్‌లో మెషీన్ లెర్నింగ్ కంటైనర్ విడిగా ఉంటుంది కాబట్టి, ఆ కొన్ని రోజులూ దాన్ని ఇంట్లో ఉన్న పెద్ద కంప్యూటర్ మీద నడిపి, సెట్టింగ్స్‌లో దాని అడ్రసు ఇచ్చి, పని అయ్యాక బోర్డు మీదికి తెచ్చుకోవచ్చు.