జపాన్ మేపుల్ అని అమ్మేవాళ్లతో జాగ్రత్త, నాకు అంటగట్టింది గోంగూర జాతి మొక్క

రాత్రి పన్నెండు దాటింది, నిద్ర పట్టడం లేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. మొక్కల గ్రూపుల్లో తిరుగుతున్న ఆ ప్రకటన మీరంతా చూసే ఉంటారు. నర్సరీలకు పేరున్న కడియం పేరు తగిలించి, సగం ఎర్రగా సగం నీలంగా ఉన్న మేపుల్ చెట్టు ఫోటో పెడతాడు చూడండి, అదే. దయచేసి అతనికి ఒక్క రూపాయి కూడా పంపకండి. నాకు మొత్తం 5,300 రూపాయలు పోయాయి. డబ్బు కంటే అతను ఫోన్లో అన్న మాట ఎక్కువ బాధపెడుతోంది. అది తర్వాత చెప్తాను.

మా అబ్బాయి ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన నవంబరులో వీడియో కాల్‌లో అక్కడి మొమిజి చెట్లు, అంటే జపాన్ మేపుల్ చెట్లు, చూపించాడు. కొండ కొండంతా కుంకుమ చల్లినట్టు ఉంది. అలాంటిది ఒక్కటి మన పెరట్లో కాలవ గట్టు వైపు ఉంటే బాగుండునని ఆ రోజే అనుకున్నాను. జనవరిలో ఈ ప్రకటన కనబడింది. ఎరుపు, నీలం, ఏడు రంగులది అని మూడు విత్తనాల ప్యాకెట్లు 1,350 పెట్టి తెప్పించాను.

విత్తనాలు నల్లగా, గుండ్రంగా, తోటకూర గింజలంత ఉన్నాయి. మేపుల్ కాయకు రెండు రెక్కలుంటాయి, ఒక్కో రెక్క మొదట్లో ఒక్కో గింజ ఉంటుంది. గాలికి గిరగిరా తిరుగుతూ పడుతుంది. రెక్కలేవి అని అడిగితే, కొరియర్‌లో విరిగిపోతాయని తీసేసి పంపుతామన్నాడు. నమ్మాను. రెక్క తీసేసినా గింజ పెసరగింజంతైనా ఉండాలని నాకు అప్పుడు తెలియదు.

ప్యాకెట్‌తో పాటు ఒక కాగితం వచ్చింది. గోరువెచ్చటి నీళ్లలో ఒక రోజు నానబెట్టి, తడిపిన కొబ్బరి పీచు పొట్టులో కలిపి, జిప్ కవర్లో వేసి 90 రోజులు ఫ్రిజ్‌లో పెట్టమని అందులో ఉంది. నెట్‌లో వెతికి చూశాను. నిజమే. మేపుల్ విత్తనం చలికాలం గడిస్తే గాని నిద్ర లేవదు. 1 నుంచి 5 డిగ్రీల చలిలో మూడు, నాలుగు నెలలు తడిగా ఉండాలి. ఆ ఒక్క మాట నిజం కావడంతో మిగతావన్నీ నిజమే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతోంది, అతని ఎత్తు అంతా ఆ 90 రోజుల్లోనే ఉంది. మూడు నెలలు మనం నోరు మూసుకుని ఎదురుచూస్తాం. ఆ తర్వాత వాపసు అడిగితే గడువు అయిపోయిందంటాడు. అచ్చం అలాగే అన్నాడు కూడా.

ఏప్రిల్‌లో కవరు తెరిస్తే మొత్తం బూజు. ఫోన్ చేస్తే మీ ఫ్రిజ్ బాగాలేదన్నాడు. పైగా ఎంతో జాలి పడ్డట్టు, "పోనీ అండి, మీకోసం రెండు మొక్కలు తీసి పెడతాను, బ్లడ్‌గుడ్ రకం, తక్కువలో ఇస్తాను" అన్నాడు. బ్లడ్‌గుడ్ అంటే ఎర్ర ఆకుల జపాన్ మేపుల్‌లో ఒక రకం. ఒక్కోటి 1,800, రవాణా 350. అప్పుడైనా ఆగాల్సింది. ఆగలేదు. ఆ తప్పు నాదే.

జూన్ మొదట్లో మొక్కలు వచ్చాయి. జానెడు ఎత్తు, అరచేయిలా చీలిన ఆకు, రక్తం రంగు. చూడగానే ప్రాణం లేచొచ్చింది. అబ్బాయికి ఫోటో పంపాను. రెండు నెలల్లో నా నడుము దాకా పెరిగాయి. గోదావరి ఒండ్రు మట్టి మహిమ అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించాను. నిజమైన మేపుల్ మొలక మొదటి ఏడాది జానెడు, మహా అయితే మూరెడు పెరుగుతుందట. ఇది నాకు నిన్న తెలిసింది.

నిన్న ఆదివారం మా అత్తయ్యగారు భోజనానికి వచ్చారు. ఆవిడకు ఎనభై దాటాయి, చూపు సరిగా ఆనదు. పెరట్లోకి వెళ్లి ఆ మొక్క దగ్గర నిలబడి, ఒక లేత ఆకు తుంచి వేళ్ల మధ్య నలిపారు. జిగురు సాగింది. నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలి, "ఎర్ర గోంగూర ఎప్పుడేశావే, పులుపు బాగానే ఉందిగా" అన్నారు. నాకు కాళ్లలో సత్తువ పోయింది. నేనూ ఒక ఆకు నమిలాను. పులుపు. మన పుల్లగోంగూర పులుపే.

వెంటనే అబ్బాయితో వీడియోలో మాట్లాడాను. వాడు అక్కడ వీధిలో మేపుల్ కొమ్మ ఒకటి పట్టుకుని చూపించాడు. దాని ఆకులు కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా ఉన్నాయి. మా మొక్కకు కణుపుకు ఒక్కటే, ఒకటి ఇటు, ఒకటి అటు. ఇద్దరం వెతికితే తేలింది. ఇది హైబిస్కస్ ఎసిటోసెల్లా. ఆఫ్రికా మొక్క, మన గోంగూరకూ మందారానికీ చుట్టం. ఆకు చూడ్డానికి ఎర్ర మేపుల్‌లా ఉంటుందని దానికి పేరే ఉంది. ఈ మొక్క విలువ ఎంతని మాకు తెలిసిన నర్సరీ ఆయన్ని అడిగాను. యాభై రూపాయలకు ఇస్తానన్నాడు.

ఈ రోజు సాయంత్రం ఆ మనిషికి ఫోన్ చేశాను. మర్యాదగానే మొదలుపెట్టాను. అండీ, మీరు పంపింది మేపుల్ కాదు, డబ్బులు వెనక్కి పంపండి అన్నాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఎర్ర ఆకు కావాలన్నారు, ఎర్ర ఆకే ఇచ్చాం కదండి. ఇంకేం కావాలి?" అన్నాడు. ఆకులు ఎదురెదురుగా లేవు, పుల్లగా ఉన్నాయి అని చెప్తుంటే మధ్యలోనే అడ్డుకుని, "మీకు ఇవన్నీ అర్థం కావమ్మా, ఇంట్లో మగవాళ్లు ఎవరైనా ఉంటే ఫోన్ ఇవ్వండి" అన్నాడు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. మా వారు పోయి నాలుగేళ్లయింది. ఆ మాటకు నా నోట మాట రాలేదు. వెనకాల ఎవరో నవ్వుతున్నారు, ఆ నవ్వు స్పష్టంగా వినబడింది. తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు. అప్పటి నుంచి ఆ నవ్వే చెవిలో ఉంది.

అతను తెలియక అమ్మాడని అనుకోలేను. మేపుల్‌కు చలి కావాలని కాగితం మీద అచ్చు వేసి పంపిన మనిషికి, మన డెల్టాలో ఆ చెట్టు బతకదని తెలియదా? దానికి ఏటా ఆకు రాల్చి కొన్ని నెలలు చలిలో పడుకునే కాలం కావాలి. మనకు పుష్యమాసంలో కూడా ఒక్క దుప్పటి చాలు. మే నెల వడగాలికి దాని పల్చటి ఆకు అంచులు మాడిపోతాయి. అడిగినప్పుడు "ఆయ్, ఎక్కడైనా వస్తుందండి" అన్నాడే గాని ఇందులో ఒక్క ముక్క చెప్పలేదు.

ఇంకో మాట. బ్లడ్‌గుడ్, క్రిమ్సన్ క్వీన్, సాంగో కాకు లాంటి పేరున్న రకాలేవీ విత్తనం నుంచి ఉన్నవి ఉన్నట్టు రావు. అన్నీ అంటు కట్టినవే. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదని మన ఊళ్లలో పసిపిల్లాడికి కూడా తెలుసు. అది తెలిసి కూడా రంగు పేరు రాసిన విత్తనాల ప్యాకెట్లు కొన్నాను. నీలం ఆకుల మేపుల్ అయితే లోకంలోనే లేదు. ఆ ఫోటో రంగు మార్చినది.

కడియం, కడియపులంకల్లో మొక్కల మీదే బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, నేను వాళ్ల గురించి రాయడం లేదు. వాళ్ల పేరు ఇతను వాడుకుంటున్నాడు.

కొనేవాళ్లు ఎవరైనా ఉంటే, విత్తనానికి రెక్క ఉందా, మొక్కకు ఆకులు జంటగా ఉన్నాయా చూసుకోండి. అంటు మొక్క అంటే కాండం మొదలు దగ్గర అతుకు కనబడాలి. డబ్బు పంపిన రసీదు, మాట్లాడిన మెసేజ్‌లు దాచుకోండి. నేను అవన్నీ పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను. ఏమైందో ఇక్కడే రాస్తాను.

మొక్కలు రెండూ పెరట్లోనే ఉన్నాయి, పీకలేదు. వాటి తప్పేముంది. ఆకు ముందు వైపు, వెనక వైపు, కణుపు దగ్గర ఫోటోలు తీసి కింద పెట్టాను. అతని దగ్గర మొక్క కొన్నవాళ్లు మీదాన్ని పక్కన పెట్టి పోల్చి చూసుకోండి. ఒకేలా ఉంటే నాకు చెప్పండి, ఫిర్యాదు కలిసి చేద్దాం.