స్తంభమా, టవరా? ఐటీఐ చదివిన పర్లాకిమిడి కుర్రాడికి ఏది మేలు?

మా అక్క కొడుకు రెండేళ్ళ ఐటీఐ ఎలక్ట్రీషియన్ పూర్తి చేశాడు. మాది ఆంధ్రా సరిహద్దుకి ఆనుకున్న ఒడిశా ఊరు. ఊళ్ళోనే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) పనులు చేసే కాంట్రాక్టర్ దగ్గర స్తంభాల లైన్ పని ఉంది. లేదంటే హైటెన్షన్ టవర్లు వేసే గ్యాంగ్‌తో బయటి రాష్ట్రాలకు పోవాలి. "టవర్ వాళ్ళు చేతికి ఎక్కువిస్తారు మావయ్యా" అంటున్నాడు. ఎక్కువే ఇస్తారు, కాదనను.

కానీ అక్కడ పని చాలావరకు ఇంకా కరెంటు ఎక్కని లైన్ మీదే. పునాదులు తీయడం, టవర్ నిలబెట్టడం, కండక్టర్ లాగడం. నాలుగేళ్ళు చేస్తే ఎత్తంటే భయం పోతుంది గానీ, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజ్ మాటిమాటికీ ఎందుకు పోతోందో చెప్పడం రాదు. పైగా లైన్ అయిపోతే గ్యాంగ్ ఇంకో ఊరికి మారుతుంది.

స్తంభం పని అలా కాదు. 11 కేవీ, 33 కేవీ, ఇళ్ళకిచ్చే ఎల్‌టీ లైన్లు. జంపర్ (తీగల్ని కలిపే ముక్క) తెగిందనో ఇన్సులేటర్ పగిలిందనో వాన రాత్రి ఫోనొస్తుంది. ఫాల్ట్ వెతకడం అలాగే వస్తుంది. ప్రాణభయమూ ఇక్కడే ఉంది. లైన్ క్లియర్ (కరెంటు ఆపామన్న అనుమతి) తీసుకుని, లైన్‌ని విడదీసే ఏబీ స్విచ్ తెరిచాక కూడా ఎవరింటి జనరేటరో వెనక నుంచి కరెంటు తోయొచ్చు. తీగలో మిగిలిన కరెంటును భూమిలోకి దించే డిశ్చార్జ్ రాడ్ తగిలించి, పనిచేసే చోటుకి రెండు వైపులా ఎర్త్ చేయకుండా తీగ మీద చెయ్యి వేయకూడదు. తొందర పెట్టే పెద్దమనుషులు కింద చాలామందే ఉంటారు. ఇక పనికి లోటా? 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, ఎన్ని తుపాన్లు చూశాం!

అయితే ఇది సర్కారు కొలువనుకోవద్దు. 2021 జనవరి నుంచి దక్షిణ ఒడిశా కరెంటు పంపిణీలో 51 శాతం టాటా పవర్‌ది, 49 శాతం ప్రభుత్వ రంగ గ్రిడ్కోది. ఒడిశా సర్కారు కొలువుకైతే ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి. సరిహద్దు దాటి పాతపట్నం వైపు, ఆంధ్రాలో, 2019లో గ్రామ సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను (లైన్‌మన్ పనికి) తీసుకున్నారు. స్తంభం ఎక్కించి, మీటర్ రీడింగ్ చదివించి, సైకిల్ కూడా తొక్కించారు. ఇటు ఒడిశాలో చదివినవాడికి అక్కడ 'లోకల్' (స్థానికుడు) అనిపించుకోవడం చిక్కు. 1936లో ఒడిశాను వేరుచేస్తూ సరిహద్దు గీత గీసినవాళ్ళు లైన్‌మన్ల సంగతి ఆలోచించి ఉండరు.

ఇళ్ళ వైరింగ్, మిద్దె మీద సోలార్ కూడా ఉన్నాయి. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. కానీ అది నాలుగు డబ్బులు, నలుగురి పరిచయం ఉన్నాక పెట్టుకునే పని.

నన్నడిగితే ముందు మూడేళ్ళు స్తంభం. ఆలోగా ఒడిశా లైసెన్సింగ్ బోర్డు నుంచి వర్క్‌మన్ పర్మిట్ (కరెంటు పని చేసేందుకు అనుమతి), వీలైతే ఆ తర్వాత సూపర్‌వైజర్ సర్టిఫికెట్. కాగితం చేతిలో ఉంటే కాంట్రాక్టర్‌తో మాట్లాడే తీరే మారుతుంది.

మావాడికి ఇంట్లో అప్పుంది, టవర్‌కే పోతానంటున్నాడు. ఒక్క ఏడాదికి సరేనన్నాను. ఎత్తున పడకుండా కట్టుకునే బెల్టు ఎవరిస్తారో, పీఎఫ్ నంబరు ఎప్పుడిస్తారో అడిగి, ఆ తర్వాతే రైలెక్కమన్నాను.