గుండె ఎమ్మారై: ఫొటోకు ఫుల్ మార్కులు, మాటకు కోత

నాలుగు స్టార్లు ఇస్తున్నా. హైదరాబాద్‌లో ఆ స్కానింగ్ సెంటర్ పేరు రాయను, ఎక్కడ తీయించుకున్నా పనికొచ్చే సంగతులే ఇవి.

నేను దేవరకొండ డిపోలో కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషిని. గుండెపోటు వచ్చాక యాంజియో చేస్తే, ముందువైపు పెద్ద రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని తేలింది. ఎకోలో (గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) పంపింగ్, అంటే ఒక్కో కొట్టుకు గుండె గదిలోంచి బయటికి పోయే రక్తం వాటా, 38 శాతం. స్టెంట్ వేస్తే లాభం ఉంటుందా అన్న దగ్గర మా నల్లగొండ డాక్టర్ ఆగారు. "ఆ గోడలో కండ బతికుంటే నాళం తెరవొచ్చు. మొత్తం మచ్చ కట్టి ఉంటే తెరిచినా కదలదు" అన్నారు. గోడ సరిగ్గా కదలడం లేదని మామూలు ఎకో చెప్తుంది గానీ, ఆ కండ చచ్చిపోయిందా, రక్తం చాలక నీరసించిందా తేల్చలేదు. అందుకని కార్డియాక్ ఎమ్మారై రాశారు.

మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా పొద్దున బస్సుకే పోయాం. ఫోన్‌లో చెప్పిన రేటు ఒకటి, కౌంటర్‌లో అడిగింది ఒకటి. ఇంజెక్షన్ మందు ఖర్చు వేరేనట! ఆ ముక్క ముందే చెప్తే వాళ్ల సొమ్మేం పోయింది? కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు మాత్రం గట్టిగా అడిగారు, అది మంచిదే. ఆ మందు పేరు గడోలినియం. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఇచ్చే ముందు ఆలోచించాలి.

లోపల అయస్కాంతం కాబట్టి వాచీ, ఉంగరం, సెల్లు తీసేయమన్నారు. నా వెండి మొలతాడు దగ్గర కాసేపు పంచాయితీ నడిచింది. చివరికి మా ఆవిడ చేతి సంచిలోకి పోయింది. పాత స్టెంట్ ఉన్నా సాధారణంగా ఫర్వాలేదు గానీ, పేస్‌మేకర్ ఉంటే దాని కార్డు చూపించి తీరాలి.

గంట దాకా పట్టింది. ఛాతీ మీద ఈసీజీ తీగలు, చెవులకు హెడ్‌ఫోన్లు, గొట్టంలో ఢమఢమ మోత. ఊపిరి వదిలేసి ఆపమంటారు. పీల్చి ఆపడం సులువే, వదిలి ఆపడమే కష్టం. మధ్యలో గాలి పీలిస్తే బొమ్మ మసకబారి మళ్లీ తీస్తారు. ఆ మాటలన్నీ హిందీలో! నాకు వచ్చు. నా తర్వాత వంతు అచ్చంపేట పెద్దమ్మది, ఆమెకు ఒక్క ముక్క రాదు. "అమ్మా, సాంస్ రోకో అంటే గాలి బిగపట్టు" అని బయట కుర్చీలోనే రెండుమూడు సార్లు చేయించి పంపిన. ఐదో స్టార్ పోయింది ఇక్కడే.

ఇంజెక్షన్ ఇచ్చాక పది, పదిహేను నిమిషాలు ఆగి అసలు ఫొటోలు తీస్తారు. మంచి కండలోంచి మందు తొందరగా వెళ్లిపోతుంది, మచ్చలో ఉండిపోతుంది. చెలకలో వాన నీళ్లు ఇంకిపోయి నల్లరేగడిలో నిలిచినట్టు. అందుకే బతికున్న కండ నల్లగా, మచ్చ తెల్లగా కనిపిస్తుంది.

ఫొటోలు చూసి మా డాక్టరే మెచ్చుకున్నారు. గుండెపోటు మచ్చ లోపలి పొర నుంచి మొదలై బయటికి పాకుతుందట. గోడ మందంలో సగం దాటితే ఆ భాగం కోలుకునే ఆశ తక్కువ. నాకు కొన దగ్గర పూర్తి మందం తెల్లగా ఉంది, అది పోయినట్టే. మిగతా ముందు గోడలో చాలాచోట్ల మచ్చ పావు వంతు లోపే. ఎమ్మారైలో పంపింగ్ 41 శాతం వచ్చింది. ఈ కొలతనే ఎక్కువ నమ్ముతానన్నారు. ఇదొక్కటే చూసి కాదు, నడిస్తే ఛాతీ పట్టేస్తోంది కాబట్టి కూడా స్టెంట్‌కు సరే అన్నారు. మచ్చ అంచుల్లో కరెంటు దారి తప్పి గుండె లయ చెడొచ్చు కాబట్టి, కళ్లు తిరిగితే వెంటనే రమ్మన్నారు. మందులు వాడినా పంపింగ్ 35కు పడితే లయ చెడితే షాక్ ఇచ్చే ఐసీడీ (ఛాతీలో అమర్చే చిన్న మిషన్) సంగతి ఆలోచిస్తారట.

"ఊరికే చెకప్‌కు తీయించుకోవచ్చా?" అని మా డిపో దోస్తులు అడుగుతున్నరు. డబ్బులు దండగ. డాక్టర్‌కు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటి ఉంటేనే పోండి.

పోయినోళ్లు ఫిల్ములతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. గుండె కొట్టుకునే వీడియో దాంట్లోనే ఉంటుంది. మేం అడిగితే గానీ ఇవ్వలేదు.