రోహింగ్యాల తరఫున యూదుల వకాల్తా: బాలాపూర్ నుంచి ఒక సమీక్ష

తెలుగులో 'వకాల్తా పుచ్చుకోవడం' అనే మాటను మనం ఎక్కువగా ఎత్తిపొడుపుగానే వాడతాము. పిలవని పేరంటానికి వచ్చినట్టు ఎవరైనా ఇంకొకరి తరఫున మాట్లాడితే 'నీకెవరిచ్చారు వకాల్తా?' అని నిలదీస్తాము. మయన్మార్ నుంచి తరిమివేతకు గురైన రోహింగ్యా ముస్లిముల పక్షాన అమెరికాలోని యూదు సంస్థలు నడుపుతున్న జ్యూయిష్ రోహింగ్యా జస్టిస్ నెట్‌వర్క్ అనే వేదిక గురించి తెలిసినప్పుడు నాకు మొదట తట్టిన ప్రశ్న కూడా అదే. హైదరాబాదులోని బాలాపూర్‌లో రోహింగ్యా పిల్లలకు వారానికి రెండు సాయంత్రాలు లెక్కలు చెప్పే మనిషిని కనుక, ఆ సంస్థలు వెలువరించిన ప్రకటనలను, విజ్ఞప్తులను నెల రోజులపాటు చదివి, ఒక సేవగా వాటి విలువ ఎంతో తేల్చుకోవడానికి ప్రయత్నించాను.

ముందుగా ఈ సేవ ఏమి చేస్తుందో చెప్పాలి. ఈ వేదికను కూడగట్టింది 1985లో మొదలైన అమెరికన్ జ్యూయిష్ వరల్డ్ సర్వీస్. ఇందులో సుమారు 30 యూదు సంస్థలు, రబ్బీల (యూదు మతగురువుల) సంఘాలు ఉన్నాయి. ఈ వేదిక బియ్యం పంచదు, టార్పాలిన్లు పంచదు; దాని పని అడగడం. అమెరికా కాంగ్రెస్ సభ్యులను, విదేశాంగ శాఖను లేఖలతోనూ, సమావేశాలతోనూ, ప్రార్థనా మందిరాల్లో సేకరించిన మద్దతుతోనూ విడవకుండా అడుగుతూ ఉండడమే ఇక్కడ సరుకు.

నాకు బాగా నచ్చింది ఆ అడగడం వెనుక ఉన్న తర్కం. పరదేశిని బాధించవద్దని, ఈజిప్టులో మీరూ పరదేశులుగా బతికినవారేనని యూదుల పవిత్ర గ్రంథం తోరా మళ్ళీ మళ్ళీ చెబుతుంది. ఈ హెచ్చరిక 36 చోట్ల వస్తుందని తోరాకు వ్యాఖ్యానాల సంకలనమైన తాల్ముద్ లెక్కగట్టింది. తోరాలోని లేవీయకాండం 19వ అధ్యాయంలో, పొరుగువాడి రక్తం చిందుతుంటే చూస్తూ నిలబడవద్దనే ఆజ్ఞ ఉంది. ఇవి కేవలం నీతివాక్యాలుగా మిగిలిపోకుండా, చట్టాలను చదివే కళ్ళద్దాలుగా మారడం ఈ వేదిక ప్రత్యేకత అని నాకు అనిపించింది. జర్మనీ 1935లో న్యూరెంబర్గ్ చట్టాలతో యూదుల పౌరసత్వాన్ని రద్దు చేసింది. మయన్మార్ తన 1982 పౌరసత్వ చట్టంతో, 1823కు ముందునుంచి ఆ నేల మీద ఉన్న జాతులకే సంపూర్ణ పౌరసత్వమని నిర్ణయించి, గుర్తింపు పొందిన 135 జాతుల జాబితాలో రోహింగ్యాలకు చోటు లేకుండా చేసింది. మొదట కాగితం మీద మనిషిని లేకుండా చేసి, తరువాత ఊళ్ళో లేకుండా చేయడం ఏమిటో సొంత ఇంటి చరిత్రలో చూసినవారు 1982 నాటి చట్టాన్ని మనకంటే త్వరగా అర్థం చేసుకోవడంలో ఆశ్చర్యం లేదు. 2017 ఆగస్టు 25 తరువాత ఏడు లక్షలకు పైగా మనుషులు సరిహద్దులోని నాఫ్ నది దాటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ చేరుకోవడం ఆ చట్టానికి కొనసాగింపే. వకాల్తా ఎవరిచ్చారన్న నా ప్రశ్నకు ఇక్కడ సమాధానం దొరికింది.

ఫలితాల సంగతికి వస్తే, రోహింగ్యాలపై జరిగింది జాతి నిర్మూలన అని అమెరికా ప్రభుత్వం 2022 మార్చి 21న ప్రకటించింది. అప్పటి విదేశాంగ మంత్రి ఆంటొనీ బ్లింకెన్ ఆ ప్రకటనను, నాజీలు యూదులపై జరిపిన మారణకాండను గుర్తుచేసే వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియంలో చేశారు. ఈ ప్రకటన కోసం వేదిక ఎంతోకాలం పట్టుబట్టింది. మయన్మార్ సైన్యంపై ఆంక్షలకు వీలు కల్పించే బర్మా చట్టం అదే ఏడాది డిసెంబరులో రక్షణ బిల్లులో భాగంగా ఆమోదం పొందింది. ఈ ఘనతంతా ఒక్క వేదిక ఖాతాలో వేయడం సరికాదు. మయన్మార్‌పై కేసుతో అంతర్జాతీయ న్యాయస్థానానికి 2019లో వెళ్ళింది గాంబియా అనే చిన్న దేశం. అన్నిటికంటే ముందు గొంతెత్తినవారు రోహింగ్యాలే.

లోపాలు లేకపోలేదు. నేను చదివిన పత్రాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. సంతకం అడిగే విజ్ఞప్తులు అమెరికా ఓటర్ల కోసం రాసినవి కావడంతో, ఇక్కడి పాఠకుడు చదివి తల ఊపడం తప్ప చేయగలిగింది లేదు. 2022 నాటి ప్రకటన సారాంశాన్ని బస్తీలోని ఒక పెద్దాయనకు ఉర్దూలో చదివి వినిపించాను. ఆయన చివరిదాకా శ్రద్ధగా విని, "ఈ కాగితం మీద ముద్ర ఉంటుందా మాస్టర్ సాబ్?" అని అడిగారు. ఉండదని చెప్పాను. మయన్మార్‌లో రోహింగ్యాలు ఉండే రఖైన్ రాష్ట్రంలో 2012లో జరిగిన అల్లర్ల తరువాత ఇక్కడికి చేరినవారి చేతిలో ఉన్నది ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు మాత్రమే. మన దేశం 1951 శరణార్థి ఒప్పందంపై సంతకం చేయలేదు. జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో, జీవించే హక్కు అందరికీ ఉన్నా, దేశంలో నివసించే హక్కు పౌరులకే ఉందని పేర్కొంది. వాషింగ్టన్‌లో గెలిచిన మాట బాలాపూర్ దాకా రావడానికి మధ్యలో ఇంత దూరం ఉంది.

మరి పాలస్తీనీయుల విషయంలో ఈ సంస్థలు ఏమంటాయని నాతోపాటు పాఠాలు చెప్పే మిత్రుడు అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే, కాని దానికి జవాబు రోహింగ్యాలకే పరిమితమైన ఈ పత్రాల్లో నాకు దొరకలేదు. అయితే ఒక సంగతి అతనికి చెప్పాను. మయన్మార్ సైన్యానికి ఇజ్రాయెల్ ఆయుధాల అమ్మకాన్ని ఆపాలని ఏతాయ్ మాక్ అనే ఇజ్రాయెల్ న్యాయవాది 2017లో అక్కడి హైకోర్టులో వాదించారు. తీర్పును బయటపెట్టకూడదని కోర్టు ఆంక్ష విధించింది. సొంత ప్రభుత్వాన్ని బోనులో నిలబెట్టిన ఆ వకాల్తాకు నేను మరో అర నక్షత్రం ఎక్కువ ఇస్తాను. ఈ వేదికకు మాత్రం ఐదింటికి మూడున్నర.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలు ఉన్నాయన్నది మనలో చాలామందికి తెలియదు. ఈ పత్రాల్లో రెండు మూడు తెలుగులోకి వస్తే చదివేవారు అక్కడా ఉంటారు, ఇక్కడా ఉంటారు. ప్రస్తుతానికి న్యాయశాస్త్ర విద్యార్థులు, సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు వీటిని 2021 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు పక్కన పెట్టుకుని చదవవచ్చు. బడిలో సీటు కోసమో, ఆసుపత్రి చీటీ కోసమో తిరుగుతున్న బాలాపూర్ కుటుంబాలకు ఇవి పనికిరావు. వారు నేరుగా ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ స్థానిక భాగస్వాముల కార్యాలయానికి వెళ్ళడం మంచిది.