పోర్త్‌క్లైస్ దగ్గర రాతి కాటేజీ: పెద్దవాళ్లతో పెంబ్రోక్‌షైర్ తీరం నడవాలనుకునేవాళ్లకి

ముందే చెప్పేస్తున్నాను, ఈ కాటేజీ కిటికీల్లోంచి సముద్రం కనిపించదు. వంటింట్లో నిలబడితే పొలం, గట్టు మీద ముళ్లపొదలు, పైన ఆకాశం, అంతే. అయినా అమ్మానాన్నల్ని తీసుకుని వేల్స్ తీరం వెంట నడవాలనుకునే ఎవరికైనా నేను మొదట చెప్పే ఇల్లు ఇదే.

సెయింట్ డేవిడ్స్ ఊరికి, పోర్త్‌క్లైస్ అనే చిన్న రేవుకి మధ్య సన్నటి దారి పక్కన ఉంది. గేటు దాటి ఒకవైపు పది నిమిషాలు నడిస్తే రేవు, అక్కడే పెంబ్రోక్‌షైర్ కోస్ట్ పాత్ అనే, తీరం వెంట సాగే నడక బాట. రెండోవైపు పదిహేను నిమిషాలు నడిస్తే ఊరు: కేథడ్రల్, మందుల షాపు, పాలూ బ్రెడ్డూ దొరికే కొట్టు, బస్సు. ఇంత సదుపాయం ఉన్న ఇళ్లు ఆ చుట్టుపక్కల తక్కువ.

మేము ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. విశాఖ నుంచి అమ్మానాన్న వచ్చారు. నాన్న పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, పొద్దున్నే నడవనిదే ఆయనకి రోజు మొదలవదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. మెట్లంటే భయం, అలాగని ఇంట్లో కూర్చోబెడితే బెంగ. వీళ్లతో పాటు నాలుగేళ్ల పాప. ఇలాంటి కుటుంబం ‘కోస్ట్ పాత్ పక్కనే’ అన్న ప్రకటన చూసి డబ్బు కట్టేస్తే ఇబ్బంది పడుతుంది. ఎందుకంటే ఆ బాట సెయింట్ డాగ్మెల్స్ నుంచి ఆమ్‌రాత్ దాకా 186 మైళ్లు ఉంది. 1970లో తెరిచారు. దాని మీద ఎక్కే ఎత్తులన్నీ కలిపితే 35,000 అడుగులంటారు, అంటే ఎవరెస్టు కంటే ఎక్కువ. బాటలో ఏ ముక్క పక్కన ఇల్లుందన్నదే అసలు ప్రశ్న.

సముద్రం కనిపించే ఇళ్లు మేమూ చూశాం. ఒకదానికి గోడంతా అద్దమే, ఫోటోలో సూర్యాస్తమయం అద్భుతం. కానీ కొండ మీద ఉంది. కిందికి దిగే దారికి పేవ్‌మెంట్ లేదు, రెండువైపులా మనిషెత్తు గట్లు, ఎదురుగా కారొస్తే వెనక్కి నడుపుకుంటూ వెళ్లాల్సినంత ఇరుకు. అలాంటి ఇంట్లో దిగితే ప్రతి నడకకీ ముందు కారు తియ్యాలి, పార్కింగ్ వెతుక్కోవాలి. ఎండ కాసే రోజున వైట్‌శాండ్స్ బీచ్ పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. ఆ అద్దం గోడ కోసం వారానికి అదనంగా మూడొందల పౌండ్లు అడిగారు. వద్దనుకున్నాం.

ఇల్లు వెతికేటప్పుడు నాకు బాగా పనికొచ్చింది బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాప్. ఉత్తర పెంబ్రోక్‌షైర్‌కి ఎక్స్‌ప్లోరర్ ఓఎల్35 తీసుకోండి. అందులో నాలుగు సెంటీమీటర్లంటే నేల మీద కిలోమీటరు. కోస్ట్ పాత్ మీద ఆకుపచ్చ డైమండ్ గుర్తులుంటాయి. కాటేజీ పోస్ట్‌కోడ్ బట్టి ఇంటిని గుర్తించి, అక్కడి నుంచి ఆ గుర్తుల దాకా కాలిబాట ఉందా, దారిలో కాంటూరు గీతలు (నేల ఎత్తుని చూపే గీతలు) ఒకదాన్నొకటి తాకుతున్నట్టు ఉన్నాయా అని చూడండి. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే మోకాళ్ల నొప్పులవాళ్లకి అది దారి కాదు. ‘సముద్రానికి ఐదు నిమిషాలు’ అని రాసినవాళ్లని మాత్రం నడిచా, కారులోనా అని తప్పకుండా అడగాలి. నేనడిగిన చోట ఎక్కువమంది కారులో అన్నారు. ఈ ఇంటావిడ ఒక్కరే, ‘మీ అమ్మగారు మెట్లు ఎక్కగలరా? రేవు దగ్గర రెండువైపులా బాట నిటారుగా ఉంటుంది’ అని తిరిగి నన్నే అడిగారు. అప్పుడే ఈ ఇల్లు ఖాయం చేసుకున్నాను.

ఇక ఇంటి సంగతి. కింద ఒక బెడ్‌రూమ్, పక్కనే షవర్ గది. ఇది చాలా ముఖ్యం. ఇక్కడి పాత కాటేజీల్లో స్నానాల గది ఎక్కువగా పైన ఉంటుంది, షవర్ బాత్‌టబ్ లోపల ఉంటుంది. ఆ టబ్బు అంచు దాటడం మన పెద్దవాళ్లకి ఎంత కష్టమో ఫోటోల్లో తెలీదు. ఇక్కడ నేల మట్టానికే షవర్, గోడకి పట్టుకునే కడ్డీ. అమ్మ ఎవరినీ పిలవకుండా తన స్నానం తను చేసుకుంది. పైనున్న రెండు గదులకి మాత్రం మెట్లు నిటారుగా, మధ్యలో మెలిక తిరిగి ఉంటాయి. పాప కోసం గేటు కావాలని ముందే రాస్తే తెచ్చి బిగించి ఉంచారు. గోడలు రెండడుగుల మందం కాబట్టి లోపల ఫోన్ సిగ్నల్ రాదు, వైఫై మీద కాల్స్ బాగానే వచ్చాయి.

పెరటి తలుపు దగ్గర చిన్న వసారా ఉంది. బూట్లకి అరలు, జాకెట్లకి కొక్కేలు, కింద హీటర్. వేల్స్‌లో నడకకి వెళ్తే ఏదో ఒకరోజు పూర్తిగా తడుస్తాం. మర్నాటికి బూట్లు ఆరకపోతే ఆ రోజు పోయినట్టే. కాటేజీ వెతికేటప్పుడు టీవీ సైజు కంటే ముందు దీని గురించి అడగండి.

ఈ ఇంటికి నేను స్టార్ తగ్గించింది వంటిల్లు వల్లే. పొయ్యి మామూలు ఎలక్ట్రిక్ హాబ్, ఇండక్షన్ కాదు, కాబట్టి మా అల్యూమినియం కుక్కర్ పనిచేసింది. కానీ మొదటి రాత్రే అమ్మ పప్పులోకి పోపు వేసింది. ఎండుమిర్చి రంగు మారి ఇంగువ వాసన వచ్చిందో లేదో, హాల్లో స్మోక్ అలారం అందుకుంది. పాప ఏడుపు, మా ఆయన కుర్చీ ఎక్కి తువ్వాలు ఊపడం. కారణం ఏంటంటే, పొయ్యి మీదున్న ఫ్యాన్ పొగని బయటికి పంపే రకం కాదు. ఫిల్టర్‌లోంచి లాగి మళ్లీ గదిలోకే వదులుతుంది. మన వంటకి అది చాలదు. తర్వాత నుంచి హాల్ తలుపు మూసి, పెరటి తలుపు బార్లా తెరిచి పోపు వేసుకున్నాం. అలారానికి కవరు తొడిగే పని మాత్రం ఎవరూ చెయ్యొద్దు, పైనంతా చెక్క దూలాలే. బియ్యం, కరివేపాకు, పచ్చిమిర్చి ఇంటి నుంచే పట్టుకెళ్లండి. పెద్ద సూపర్‌మార్కెట్లు హేవర్‌ఫోర్డ్‌వెస్ట్‌లో ఉన్నాయి, అది పదహారు మైళ్లు.

నడక గురించి చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. సెయింట్ డేవిడ్స్ చుట్టూ వేసవి కాలంలో సెల్టిక్ కోస్టర్ అనే చిన్న బస్సు తిరుగుతుంది: ఊరు, పోర్త్‌క్లైస్, సెయింట్ జస్టీనియన్, వైట్‌శాండ్స్. మేము నలుగురం పెద్దవాళ్లం, పాప అందులో ఎక్కాం. నాన్న, నేను సెయింట్ జస్టీనియన్ దగ్గర దిగి బాట పట్టాం. అమ్మ, మా ఆయన, పాప అదే బస్సులో వైట్‌శాండ్స్ వెళ్లి ఇసుకలో కూర్చున్నారు. రెండు మైళ్లు నడిచి మేమూ అక్కడికే చేరాం. ఎవరూ ఎవరి కోసం ఇంట్లో ఉండిపోలేదు, ఎవరూ కారు కోసం వెనక్కి నడవలేదు. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకి సముద్రం కనిపించే కిటికీ కంటే ఈ బస్సు దగ్గర్లో ఉండటం ఎన్నో రెట్లు మేలు.

సెయింట్ జస్టీనియన్ దాటాక, ఎదురుగా ఉన్న రామ్సే దీవికి, ఒడ్డుకి మధ్య నీళ్లు నదిలా పరుగెడతాయి. ఆ హోరు గట్టు మీదకి వినిపిస్తుంది. నాన్న అక్కడ ఆగిపోయారు. కాటేజీ సొరుగులో ఆటుపోట్ల వేళలు అచ్చేసిన చిన్న పుస్తకం ఉంది, అది ఆయన జేబులోనే ఉంది. తీసి చూసి, ‘ఇంకో గంటకి వేగం తగ్గుతుంది తల్లీ, చూసి వెళ్దాం’ అన్నారు. బాట పక్కన గులాబీ రంగు త్రిఫ్ట్ పూలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. వాటి మధ్య కూర్చుని చూశాం. విశాఖలో పోటుకీ పాటుకీ తేడా మనిషెత్తు కూడా ఉండదు. అదే పెంబ్రోక్‌షైర్‌లోని మిల్ఫర్డ్ హేవెన్‌లో పున్నమి, అమావాస్యల వేళ ఆరు మీటర్లు దాటుతుంది. పోర్త్‌క్లైస్ రేవులోనూ అంతే, పొద్దున తేలుతున్న పడవలు మధ్యాహ్నానికి బురదలో పక్కకి ఒరిగి ఉంటాయి. నాన్న రోజూ రెండు పూటలా వెళ్లి చూసి వచ్చేవారు. నడిచి వెళ్లగలిగే దూరం కాబట్టే అది కుదిరింది.

అమ్మకి బాగా నచ్చింది సెయింట్ నాన్స్. వేల్స్ ప్రజలు కొలిచే సెయింట్ డేవిడ్ పుట్టిన చోటు అదేనంటారు. పాత చాపెల్ గోడలు, పక్కనే నీటి ఊట, ఎదురుగా సముద్రం. ఆ నీళ్లు కళ్లకి మంచివని పూర్వం నుంచీ నమ్మకం. అమ్మని దగ్గరిదాకా కారులో దింపాం, కొద్ది దూరమే నడక. కొంగు తడిపి కళ్లకి అద్దుకుంది, పాపకీ అద్దింది.

ధర: జూన్ మొదట్లో, స్కూళ్లకి టర్మ్ మధ్యలో ఇచ్చే హాఫ్ టర్మ్ సెలవుల వారం దాటాక, శనివారం నుంచి శనివారానికి 870 పౌండ్లు. ఆగస్టులో ఇదే ఇల్లు దాదాపు రెట్టింపు. తాళం సాయంత్రం నాలుగింటికి ఇస్తారు, వెళ్లే రోజు పదింటికల్లా ఖాళీ చెయ్యాలి. మురుగు సెప్టిక్ ట్యాంక్‌లోకి వెళ్తుంది కాబట్టి టాయిలెట్‌లో వైప్స్ వెయ్యకూడదు, సింకులో నూనె పొయ్యకూడదు. వేపుళ్లు ఎక్కువ చేసేవాళ్లు నూనె పోసుకోడానికి ఖాళీ సీసా పట్టుకెళ్లండి.

ఆరుగురికి మించి ఉంటే ఇది ఇరుకు. కారు లేకుండా వచ్చేవాళ్లు హేవర్‌ఫోర్డ్‌వెస్ట్ స్టేషన్‌లో రైలు దిగి సెయింట్ డేవిడ్స్‌కి టీ11 బస్సెక్కండి. ఊళ్లోంచి కాటేజీ దాకా దారికి పేవ్‌మెంట్ లేదు, పెట్టెలు లాక్కుంటూ నడవద్దు, ముందురోజే టాక్సీ మాట్లాడుకోండి.