షేర్డ్ ప్రాసెసరా, డెడికేటెడ్ ప్రాసెసరా: మాక్ టెస్టుల సర్వర్‌పై సమీక్ష

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌ వారి ఎప్‌సెట్ మాక్ టెస్టుల సర్వర్ బాధ్యత నేను చూస్తున్నాను. ఆదివారం ఉదయం 9 గంటలకు పిల్లలందరూ ఒక్కసారిగా లాగిన్ అవుతారు. 160 ప్రశ్నల పేపరు 3 గంటలు సాగుతుంది. మిగతా వారమంతా సర్వర్‌కు దాదాపు పనే ఉండదు. సర్వర్లను అద్దెకిచ్చే అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో ప్రారంభించిన హైదరాబాద్ రీజియన్‌లో (డేటా సెంటర్ల సముదాయంలో) ఈ పనికి ప్రాసెసర్‌ను ఇతరులతో పంచుకునే (షేర్డ్) టీ3.మీడియం, ప్రాసెసర్‌ను మనకే కేటాయించే (డెడికేటెడ్) సీ5.లార్జ్ రకాలు రెండింటినీ వాడి చూశాను. రెండింటిలోనూ 2 వర్చువల్ ప్రాసెసర్లు (అసలు యంత్రపు ప్రాసెసర్‌లో మనకిచ్చే భాగాలు), 4 జీబీ మెమరీయే ఉంటాయి గనుక, ధరలో తేడా ఎందుకన్న ప్రశ్న సెంటర్ యజమానికి రావడం సహజమే.

అంతకుముందు మేము ఒక చిన్న హోస్టింగ్ సంస్థ వద్ద చవకైన షేర్డ్ ప్లాన్‌లో ఉండేవాళ్లం. పరీక్ష చివరి పది నిమిషాల్లో సబ్మిట్ నొక్కిన పిల్లలకు చక్రం తిరుగుతూనే ఉండేది. సర్వర్‌పై ఏ ప్రోగ్రాము ఎంత వాడుకుంటోందో చూపే టాప్ కమాండ్ ఇచ్చి చూస్తే మా ప్రోగ్రాములు వాడుకుంటున్నది స్వల్పమే అయినా, కుడి చివర ఎస్‌టీ (స్టీల్) అనే అంకె మాత్రం 20 శాతం దాటి కనిపించేది. మన వర్చువల్ ప్రాసెసర్ పనికి సిద్ధంగా ఉన్నా, అసలు యంత్రం ఆ సమయాన్ని పక్కవారి పనికి ఇచ్చేసిందని దాని అర్థం. మన కోడ్‌ను ఎంత సరిచేసినా ఈ అంకె తగ్గదు.

టీ3 కూడా షేర్డ్ తరహాదే అయినా, అందులో ఎవరి వాటా ఎంతన్నది క్రెడిట్ల రూపంలో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఒక ప్రాసెసర్ ఒక నిమిషం పూర్తి వేగంతో నడిస్తే ఒక క్రెడిట్ ఖర్చవుతుంది. టీ3.మీడియానికి గంటకు 24 క్రెడిట్లు జమవుతాయి, గరిష్ఠంగా 576 వరకు నిల్వ ఉంటాయి. రెండు ప్రాసెసర్లూ నిండుగా నడిస్తే గంటకు 120 ఖర్చు, 24 జమ, అంటే నికరంగా 96 తగ్గుతాయి. ఆ లెక్కన నిండు నిల్వ 6 గంటలు వస్తుంది, మా 3 గంటల పరీక్షకు అందులో సగం చాలు. పరీక్ష అనగానే డెడికేటెడ్ తీసుకోవాలని సలహా ఇచ్చేవారు ఈ కూడికలూ తీసివేతలూ చేసి చూడరు.

పాఠాల వీడియోలను వేర్వేరు సైజుల్లోకి మార్చే పని అలా కాదు. అడ్మిషన్ల సీజన్‌లో అది రాత్రింబవళ్లు నడుస్తుంది. టీ3.మీడియం 24 గంటల సగటు వాడకం 20 శాతం దాటితే, క్రెడిట్లు అయిపోయినా వేగం తగ్గించని అన్‌లిమిటెడ్ పద్ధతిలో లినక్స్ సర్వర్లకు ఒక్కో ప్రాసెసర్‌పై గంటకు 5 సెంట్ల చొప్పున అదనపు రుసుము పడుతుంది. రెండు ప్రాసెసర్లూ నిరంతరం నిండుగా నడిస్తే, 20 శాతం పోగా మిగిలిన 80 శాతానికి ఆ అదనమే గంటకు 8 సెంట్లు, అది టీ3.మీడియం అద్దెనే మించిపోతుంది. అద్దె, అదనం కలిపితే సీ5.లార్జ్ అద్దె కన్నా ఎక్కువవుతుంది. స్టాండర్డ్ పద్ధతిలో అదనపు బిల్లు రాదు గానీ, క్రెడిట్లు అయిపోయాక వేగం 20 శాతానికి పడిపోతుంది. అందుకే వీడియోల పనికి సీ5 తీసుకుని, పని ముగియగానే ఆపేస్తున్నాము.

డెడికేటెడ్ అన్నంత మాత్రాన సీ5.లార్జ్‌లో రెండు పూర్తి కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే అసలు భాగాలు) వస్తాయని ఆశించరాదు. ఆ 2 వర్చువల్ ప్రాసెసర్లు ఒకే కోర్‌ను పంచుకునే రెండు థ్రెడ్లు (పని వరుసలు) మాత్రమే. వీడియో మార్పిడికి పట్టే సమయాన్ని అంచనా వేసేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

సర్వర్లు అద్దెకిచ్చే మరో సంస్థ డిజిటల్ ఓషన్ బెంగళూరు కేంద్రంలో బేసిక్ డ్రాప్లెట్లు (ఆ సంస్థ అద్దె సర్వర్లు) షేర్డ్, సీపీయూ ఆప్టిమైజ్డ్ రకం డెడికేటెడ్. అక్కడ క్రెడిట్ల లెక్క ఉండదు గనుక, బేసిక్ తీసుకునేవారు రద్దీ వేళల్లో ఎస్‌టీ అంకెను తామే గమనించుకోవాలి.

మాక్ టెస్టులకు మాత్రం టీ3.మీడియాన్నే కొనసాగిస్తున్నాము. కొత్తగా ప్రారంభించిన టీ3 సర్వర్ ఖాతాలో ఒక్క క్రెడిట్ కూడా ఉండదు, నిల్వ నిండడానికి 24 గంటలు పడుతుంది. కాబట్టి సర్వర్ మార్చదలచినవారు ఆ పనిని శనివారం రాత్రికి వాయిదా వేయకుండా శుక్రవారమే ముగించుకోవాలి.