కహూట్, ప్లికర్స్, ప్యాడ్‌లెట్: పిల్లలు కలిసి ఆలోచించాలంటే ఏది మేలు?

గ్లాసు అంచుదాకా నీళ్లు, అందులో తేలుతూ ఓ ఐసు ముక్క. ఐసు కరిగితే నీళ్లు పొర్లుతాయా, మట్టం తగ్గుతుందా, అలాగే ఉంటుందా? తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లకూ ఈ ప్రశ్నే ఇచ్చాను. ఎ సెక్షన్‌కి కహూట్, బి సెక్షన్‌కి ప్లికర్స్, రెండూ క్లాసులో పిల్లల జవాబులు అప్పటికప్పుడు సేకరించే యాప్‌లు. పిల్లలు మాట్లాడుకుని తేల్చుకునే పరీక్షకైతే ప్లికర్సే మేలని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

కహూట్ 2013లో నార్వే నుంచి వచ్చింది. ప్రశ్న పెద్ద తెర మీద పడుతుంది, పిల్లలు ఫోన్లో పిన్ కొట్టి, జవాబు ఉన్న రంగు నొక్కాలి. ఉత్సాహానికి లోటు లేదు, మ్యూజిక్ మొదలయ్యేసరికి వెనక బెంచీ వాళ్లు లేచి నిలబడ్డారు. కానీ మామూలు సెట్టింగులో సరైన జవాబు ఎంత త్వరగా నొక్కితే అంత ఎక్కువ పాయింట్లు. మా బడికి పిల్లలు ఫోన్లు తేకూడదు కాబట్టి తోటి టీచర్లవి అడిగి ఆరుగురికి ఒకటి ఇచ్చాను. ఒక గ్రూపులో ఓ అమ్మాయి "ఆగరా, ఐసు ముందే నీళ్లను పక్కకు తోసేసింది కదా" అంటూనే ఉంది, ఫోన్ పట్టుకున్నవాడు "పొర్లుతాయి" నొక్కేశాడు. ఆ అమ్మాయికి తెలుసన్న సంగతి రిపోర్టులో ఎక్కడా లేదు. నాకు చాలా బాధేసింది.

ప్లికర్స్‌లో పిల్లలకు ఫోనే అక్కర్లేదు. ఒక్కొక్కరికి నలుపు గడుల బొమ్మ ఉన్న కాగితం కార్డు, దాని నాలుగు వైపులా ఎ, బి, సి, డి. అనుకున్న అక్షరం పైకి వచ్చేలా కార్డు పట్టుకుంటే, టీచర్ ఫోన్ కెమెరా వరసగా చదివేస్తుంది. ఒక్కో కార్డు బొమ్మ వేరు, అక్షరాలు చిన్నవి, పక్కవాడిది చూసి కాపీ కొట్టడం కష్టం. నెట్‌కి నా ఫోన్ డేటా సరిపోయింది.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిని దీంతో కలిపాను. ముందు ఎవరి ఓటు వాళ్లది, తర్వాత పక్కవాళ్లతో చర్చ, మళ్లీ ఓటు. మొదటి ఓటు తర్వాత సరైన జవాబు చూపించకూడదు, అసలు కిటుకు అదే. తొలిసారి "అలాగే ఉంటుంది" అన్నవాళ్లు సగం మంది కూడా లేరు. చర్చలో ఒకడు బాటిల్ మూత నిండా నీళ్లు పోసి వేలు ముంచాడు, నీళ్లు బెంచీ మీద పడ్డాయి. "పోవాల్సినవి ఐసు వేసినప్పుడే పోయాయిరా, కరిగితే ఆ జాగాలోనే సర్దుకుంటాయి" అన్నాడు. రెండో ఓటుకి చాలా కార్డులు తిరిగాయి.

అయితే ఎందుకు తిప్పారో ప్లికర్స్ చెప్పదు. దానికి ప్యాడ్‌లెట్ ఉంది. గోడకు చీటీలు అతికించినట్టు ఒక్కో గ్రూపు తన కారణం ఆన్‌లైన్ బోర్డు మీద పెడుతుంది, మిగతావాళ్లు కింద రాస్తారు. తెలుగు టైపింగ్ దగ్గర పిల్లలు తడబడ్డారు, అందుకే కాగితం మీద రాయించి ఫోటోలు పెట్టాం. ఎవరి వేగంలో వాళ్లు చేసుకునే క్విజ్ యాప్‌లు, క్విజిజ్ (2025 నుంచి దాని పేరు వేగ్రౌండ్) లాంటివి హోంవర్కుకు బాగుంటాయి.

వీటిలో దేన్నీ ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులకు మాత్రం వాడకండి. మార్కులు అనగానే పిల్లలు వాదించడం మానేసి క్లాస్ ఫస్ట్ వైపు చూస్తారు. ప్లికర్స్ కార్డులకు మెరిసే లామినేషన్ కూడా వద్దు. ట్యూబ్‌లైటు వెలుగు పడి కెమెరా చదవదు. మందపాటి కాగితం మీద ప్రింట్ తీయించి, నలుపు మీద వేళ్లు పడకుండా పట్టుకోవడం మొదటి రోజే నేర్పండి.